ఆయన పాడని పాట

మొన్న శనివారం పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, వంటింట్లోకి పోతూ పోతూ ఘంటసాల గారి భగవద్గీత పెట్టాను. పెట్టి రెండు నిమిషాలైనా కాలేదు, పక్కింటావిడ చేతుల తడి కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఏందక్కా, ఎవలు పోయిన్రు?"

గొంతులో నిజమైన ఆదుర్దా. ముందు గదిలో పేపరు చదువుకుంటున్న మావారు తలెత్తి, "ఇంకా ఎవరూ పోలేదమ్మా, నేనిక్కడే ఉన్నా" అన్నారు. ఆవిడ నాలిక్కరుచుకుంది. ముగ్గురం నవ్వుకున్నాం.

నవ్వుకున్నాం గాని, ఆవిడ తప్పేముంది చెప్పండి? మా ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద వైకుంఠ రథం వస్తుంటే బండి కనబడకముందే వినబడేది ఆ గొంతే. చావు జరిగిన ఇంటి ముందు టెంటు వేసేవాళ్లు కుర్చీలతో పాటు మైకు, మైకుతో పాటు ఆ గీత తెచ్చి పెడతారు. యుద్ధం చేయనని కూలబడ్డ మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలు, ఇక ఎన్నటికీ లేవని మనిషి తలాపున మోగుతున్నాయి. ఘంటసాల గారు దీనికోసమే పాడారా? పాపం, ఆయనకు తెలిసే వీలే లేకపోయింది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. అప్పటికి యాభై ఒక్క ఏళ్లు. హెచ్.ఎం.వి. వాళ్ల గీత రికార్డు ఆయన పోయిన తర్వాతే బయటికొచ్చింది. జనం ఇళ్లలో అది మోగడం ఆయన చెవిన పడనే లేదు.

ఇదంతా వింటూ మా మనవడు సోఫాలో కాళ్లు బారజాపుకుని ఉన్నాడు. కూతురి కొడుకు. ఇంజనీరింగు చదువుతున్నాడు (మా ఊరి చుట్టూ దేనికి కరువున్నా ఇంజనీరింగు కాలేజీలకు కరువు లేదు). ఫోనులోంచి తల ఎత్తకుండానే అన్నాడు: "అమ్మమ్మా, గీతలో శ్లోకాలు మొత్తం ఏడొందలు. ఈయన పాడింది నూటికి పైచిలుకే. మిగతా ఆరొందలు కూడా పాడిద్దామా?"

"ఎవరితో పాడిస్తావురా?"

"ఆయనతోనే. గొంతు ఉంది గదా, చాలు. శ్లోకం రాసిస్తే ఆయన గొంతులోనే వస్తది."

నిజం చెప్పొద్దూ, నాకు మొదట కలిగింది కోపం కాదు, ఆశ. మిగతా ఆరొందలు! ఒక్కొక్క శ్లోకం తర్వాత ఆ ఆగడం, ఆ తర్వాత తెలుగులో అర్థం చెప్పే ఆ నిదానం. ఎంతమంది ఆడవాళ్లం పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడి వినే గొంతు అది! ఇంకో ఐదారు గంటల పాటు దొరుకుతుందంటే ఎవరికి చేదు? "ఏదీ, ఒకటి వినిపించు" అన్నాను. వాడు ఏవేవో నొక్కి, పప్పు ఉడికేలోపల ఒక శ్లోకం వినిపించాడు.

ఒళ్లు జలదరించింది. ఆయనే. ఆ గాంభీర్యం, ఆ ముక్తాయింపు, అన్నీ ఆయనవే. రెండోసారి విన్నాను. "ణ" ఉండాల్సిన చోట "న" పలికింది. మూడోసారి వింటే "ళ" కూడా అనుమానంగానే ఉంది. ఘంటసాల గారి నోట "ణ" జారడమా! బాలసుబ్రహ్మణ్యం గారు ‘పాడుతా తీయగా’లో పిల్లల్ని కూర్చోబెట్టి ఒత్తులూ, శ-ష-సలూ దిద్దిన తీరు గుర్తొచ్చింది. ఆయనే ఉంటే ఈ యంత్రాన్ని కూడా నొప్పించకుండా, నవ్వుతూనే ఆపి, "మళ్లీ ఒకసారి అను నాన్నా" అని ఉండేవారేమో.

మావాడు మాత్రం, "అదెంత అమ్మమ్మా, ఇంకో నెలలో సరిగ్గా పలుకుతది" అన్నాడు. పలుకుతుంది, అనుమానం లేదు. అందుకే "ణ" మీద మాత్రమే నా అభ్యంతరం నిలబెట్టుకుంటే లాభం లేదనిపించింది. తప్పులు లేకుండా పాడినా ఇది తప్పేనా? ఈ ప్రశ్న పట్టుకుని వారం రోజులుగా తిరుగుతున్నాను. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

ఇది ఊరికే మా ఇంట్లో పుట్టిన ముచ్చట కాదు. బాలు గారి విషయంలో నోటీసులదాకా వెళ్లింది. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయారు గదా, 2023 నవంబరులో వచ్చిన ‘కీడా కోలా’ సినిమాలో ఆయన గొంతును యంత్రంతో తయారుచేసి వాడారని, తమను అడగలేదని, ఆయన కుమారుడు చరణ్ గారు 2024లో ఆ సినిమా వాళ్లకు నోటీసు పంపించారు. అదే 2024లో ఎ.ఆర్. రెహమాన్ గారు ‘లాల్ సలామ్’ అనే తమిళ సినిమాలో, 1997లో పోయిన షాహుల్ హమీద్, 2022లో పోయిన బంబా బాక్యా – ఈ ఇద్దరి గొంతులతో ఒక పాట చేయించారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామనీ, వాళ్లకు ఇవ్వాల్సిన పారితోషికం ఇచ్చామనీ ఆయన ప్రకటించారు.

అంటే, అడిగితే ఒప్పు, అడక్కపోతే తప్పు. చాలామంది ఇంతటితో తృప్తి పడతారు. పొరుగింటి పెరట్లో కరివేపాకు రెబ్బ తుంచుకునేటప్పుడైనా ఒక మాట అడుగుతాం గదా, అడగకుండా గొంతు తెచ్చుకోవడమేమిటి? అంతవరకు నాదీ అదే మాట. కాని అక్కడితో నాకు నిద్ర పట్టలేదు. నాన్న ఇల్లు కొడుక్కి వస్తుంది, పొలం వస్తుంది, అమ్మ నగలు కూతురికి వస్తాయి. అవి వాళ్లు సంపాదించినవి. పాడేసిన పాటల మీద వచ్చే డబ్బు వారసులకు రావడమూ న్యాయమే. పాడని పాట ఎవరి ఆస్తి? నాన్న ఒప్పుకుని ఉండేవాడో లేదో తెలియని పనికి కొడుకు సంతకం పెట్టవచ్చునా? బతికుండగానే ఎవరి పాట ఎవరిదో తేల్చుకోవడం కష్టమైంది సుమండీ! 2017లో ఇళయరాజా గారు, తన పాటలు తన అనుమతి లేకుండా కచేరీల్లో పాడవద్దని బాలు గారికే నోటీసు పంపించారు. ఎన్ని పాటలు కలిసి చేసినవాళ్లు! బాలు గారు రచ్చ చేయకుండా, అవి మానేసి మిగతావాళ్లవి పాడతానన్నారు. తర్వాత ఇద్దరూ కలిసిపోయారనుకోండి. నేను చెప్పొచ్చేదేమంటే, ఆనాడు "పాడను" అనడానికి ఆయనున్నారు. ఆ ఒక్క హక్కే పోయినవాళ్లకు ఉండదు.

లోకమంతటా ఇదే వరస. మైకేల్ జాక్సన్ లండన్‌లో యాభై కచేరీలకు రిహార్సల్స్ చేస్తూ చేస్తూ 2009 జూన్ 25న పోయాడు. ఏడాదిన్నర తిరక్కుండా ఆయన పేరుతో కొత్త ఆల్బం వచ్చేసింది. అందులో మూడు పాటల్లో గొంతు అసలు ఆయనదేనా అని అభిమానులే గొడవ చేశారు. ఆ మూడింటినీ చివరికి 2022లో తీసేశారు. అభిమానమంటే అదీ! ప్రాణం పెట్టి ప్రేమించినవాళ్లే "ఇది మావాడి గొంతు కాదు" అని పట్టేశారు. పెళ్లిచూపుల్లో అక్కను చూపించి చెల్లెల్ని కట్టబెడితే ఒప్పుకుంటామా ఏమిటి!

సరే, మరి పోయినవాళ్లు సగంలో వదిలిన పనిని ఎవరూ ముట్టుకోకూడదా? ఇక్కడ నాకు అడ్డొచ్చినవాడు ఎర్రన.

నన్నయ గారు పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కోసం భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. తర్వాత రెండు వందల ఏళ్లకు తిక్కన గారు వచ్చి, ఆ మిగిలిన ముక్క జోలికి పోకుండా, విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరిదాకా రాసేశారు. మధ్యలో ఆ గండి అట్లాగే ఉండిపోయింది. ఇంకో నూరేళ్లకు పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి నుంచి ఎర్రన గారు వచ్చి దాన్ని పూడ్చారు. ఎట్లా పూడ్చారు? తనను పోషించే రాజు ప్రోలయ వేమారెడ్డి ఎదురుగా ఉన్నా ఆ భాగాన్ని ఆయనకు అంకితం ఇవ్వలేదు. నన్నయ గారు ఎవరికోసం మొదలుపెట్టారో, మూడు వందల ఏళ్ల నాటి ఆ రాజరాజ నరేంద్రుడి పేరే నడిపించారు. మొదట నన్నయ ధోరణిలో ఎత్తుకుని, పోనుపోను తిక్కన ధోరణిలోకి దించి, అతుకు కనబడకుండా కలిపారని పెద్దలు చెబుతారు.

ఇదీ ఒకరి గొంతులో ఇంకొకరు పాడడమే గదా! మా మనవడు ఈ సంగతి విని ఎగిరి గంతేశాడు. "చూశావా అమ్మమ్మా, ఎర్రన చేసిందే నేను చేస్తున్నా."

వెంటనే జవాబు దొరకలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ ఆలోచించాను (ఈరోజుల్లో బియ్యంలో రాళ్లుండవు, అలవాటు). ఎర్రన గారికి నన్నయ గొంతు ఒక మీట నొక్కితే రాలేదు. నన్నయను చదివి, ఆ నడక ఒంటబట్టించుకుని, తన పేరు పక్కకు పెట్టుకుని, అన్ని వందల పద్యాలు తానే కట్టాలి. ఎక్కడైనా కాలు జారితే "నన్నయ జారాడు" అనరు, "ఎర్రన జారాడు" అంటారు. నిందకు ఒక మనిషి ఉన్నాడు. మా ఇంట్లో "ణ" జారినప్పుడు ఎవర్ని అనాలి? ఘంటసాల గారిని అనడానికి వీల్లేదు, ఆయన పాడలేదు. మావాణ్ణి అందామంటే వాడికి గీతలో ఒక్క శ్లోకం రాదు. ఇంకొకటి కూడా ఉంది. భారతంలో ఆ గండి నిజంగా గండే. కథ మధ్యలో ఆగింది. గీత రికార్డులో గండి ఎక్కడుంది? ఏడొందల్లోంచి నూటికి పైగా ఏరి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చి పాడిన రికార్డు అది. ఆ వదలడం కూడా ఆ రికార్డులో ఒక భాగమే. మనం చీర మీద బుటాలు వేసేటప్పుడు మధ్య జాగా వదిలేది దారం చాలకనా?

అన్నట్టు, అసలు "ఇంకో ఆల్బం" అంటే ఏమిటి? ఇంతకుముందు పాడినట్టే ఇంకొన్ని పాడడమా? అట్లా అయితే యంత్రం చాలు. శంకరాభరణం సంగతి చూడండి. 1980 ఫిబ్రవరిలో ఆ సినిమా వచ్చేదాకా బాలు గారంటే మనకు ఎవరు? హుషారు పాటల కుర్రవాడు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోనివాడు. ఆ పాటలు తనవల్ల కావని ఆయనే మొదట వెనకాడారట. మహదేవన్ గారు, ఆయన సహాయకులు పుహళేంది గారు వదిలిపెట్టలేదు. నేర్పించి పాడించారు. దానికే ఆయనకు మొదటిసారి జాతీయ అవార్డు వచ్చింది. ఇప్పటి యంత్రాన్ని తీసుకుపోయి 1978లో నిలబెట్టి, అప్పటిదాకా ఆయన పాడినవన్నీ దానికి తినిపించి, "ఈయన తర్వాత ఏం పాడతాడు?" అని అడగండి. వంద హుషారు పాటలిచ్చేది. శంకరాభరణం ఇచ్చేదా? తర్వాతి పాట ఎప్పుడూ అప్పటిదాకా పాడిన పాటల్లో ఉండదు. ఒక గురువు పట్టుదలలో ఉంటుంది, ఒక మనిషి భయంలో ఉంటుంది, ఆ భయం దాటడంలో ఉంటుంది.

ఊహించుకోవద్దని మాత్రం నేననను. నేను ఊహించుకుంటాను. ఘంటసాల గారు డెబ్భై ఐదేళ్లు బతికి ఉంటే 1997 వచ్చేది. అప్పటికి క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్నాయి. ముసలి ఘంటసాల గొంతు ఎట్లా ఉండేది? మనమెవ్వరం వినలేదు. కొంచెం సన్నబడి, పై స్థాయిలో అక్కడక్కడా వణికి, ఆ వణుకును కూడా గమకంలాగా వాడుకునేవారేమో. హీరోలకు పాడడం మానేసి, ఒక హార్మోనియం ముందు పెట్టుకుని, మా పెద్దచెరువు గట్టు లాంటి చోట సాయంత్రం పూట కూర్చుని, ఎవరికోసమూ కాకుండా పాడుకునే రికార్డు ఒకటి. అందులో పాటలేమిటో నాకు తెలియదు. వినబడదు కూడా. వినబడకపోవడమే బాగుంది. రేపు ఇంకోరకంగా ఊహించుకోవచ్చు. మావాడు ఫోనులో ఒకటి చేసి పెడితే ఇక అదే ఖాయమైపోతుంది.

ఇంతవరకు పెద్దవాళ్ల గొంతుల గురించి చెప్పాను. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

మా అమ్మ పాట ఒకటి క్యాసెట్టులో ఉంది. 1984లో మా చిన్నాన్న కొడుకు దుబాయి నుంచి టేప్ రికార్డరు తెచ్చాడు. ఊళ్లో ప్రతి ఇంటికీ దాన్ని మోసుకుపోయి ముసలివాళ్లతో మాట్లాడించి మళ్లీ వాళ్లకే వినిపించి మురిసిపోయేవాడు. బతుకమ్మ పండుగకు నేను పుట్టింటికి వచ్చి ఉన్నాను, చంకలో ఏడాది పిల్ల. వాడు అమ్మ ముందు టేపు పెట్టి పాడమన్నాడు. అమ్మ సిగ్గుపడి, తంగేడు పువ్వు పేరుస్తూనే, ఒక బతుకమ్మ పాట ఎత్తుకుంది. అత్తింట్లో ఉన్న చెల్లెల్ని పండుగకు తీసుకుపోవడానికి అన్న వచ్చే కథ. ఇటువంటివి మన తెలంగాణలో ఊరికొకటి ఉంటాయి. అన్న వాగు దాటాడు, ఊరు చేరాడు, గడప ముందుకొచ్చాడు. అక్కడ అమ్మ గొంతు ఆగింది. నాలుగు క్షణాలు ఏమీ లేదు. తర్వాత "ఇగ చాలు, ఆపు బిడ్డా" అంది. టక్కుమని టేపు ఆగిన చప్పుడు.

ఆ ఎండాకాలమే మా మేనమామ పోయాడు. అమ్మకు ఉన్నది ఒక్క అన్న.

అమ్మ పోయి ఇరవై రెండేళ్లయింది. ఆ క్యాసెట్టును మావాడే ఈమధ్య ఫోనులోకి ఎక్కించాడు. ఆ బీటిల్స్ వాళ్లు కూడా ఇట్లాంటి పనే చేశారట. 1980లో హత్యకు గురైన జాన్ లెనన్ ఇంట్లో పియానో వాయిస్తూ క్యాసెట్టులో పాడుకున్న పాటలోంచి, గొంతునొక్కదాన్నీ విడదీసి, మిగిలిన ఇద్దరూ తాము వాయించి కలిపి 2023లో విడుదల చేశారు. అందులో గొంతు ఆయన పాడినదే, కల్పించింది కాదు. ఆ సంగతి చెప్పి మావాడు, "తాతమ్మ గొంతు కూడా శుభ్రం చేస్తా" అన్నాడు. చెయ్యమన్నాను. చేశాడు. అమ్మ గొంతు అద్దంలాగా వచ్చింది. కాని వెనక బర్రె అరుపు పోయింది, బిందె చప్పుడు పోయింది, మధ్యలో నా పిల్ల ఏడ్చిన ఏడుపు పోయింది. "ఒరేయ్, నువ్వు తుడిచేసింది మీ అమ్మనురా" అన్నాను. ఉలిక్కిపడ్డాడు. రెండూ ఉంచాడు లెండి.

ఆ తర్వాత ఒకరోజు, చాలా ప్రేమగానే అడిగాడు. "అమ్మమ్మా, మిగతా పాట నీకు వచ్చు గదా? నువ్వు రాసియ్యి. తాతమ్మతో పూర్తి చేయిస్తా. నీ పుట్టినరోజుకు."

పిల్లవాడి ముఖం చూస్తే కాదనబుద్ధి కాలేదు. కాగితం, పెన్ను కూడా తీసుకున్నాను. అన్న గడప దాటి లోపలికి రావాలి, చెల్లెలు కాళ్లకు నీళ్లియ్యాలి, అన్నం పెట్టాలి, అత్తను అడగాలి. నాకు అన్నీ వచ్చు. రాయడానికి చెయ్యి రాలేదు. అమ్మకు కూడా అన్నీ వచ్చు గదా. టేపు అయిపోయి ఆపలేదు, మరిచిపోయి ఆపలేదు. వాడితో ఆ నాలుగు క్షణాలు మళ్లీ పెట్టించి, మేనమామ సంగతి చెప్పాను. వాడికి ఆ సంగతి తెలియదు. ఫోను పక్కన పెట్టి, "ఇంకోసారి మొదటినుంచి పెట్టనా?" అని మాత్రం అడిగాడు.

పెట్టాడు. బర్రె అరుపుతో సహా ఉన్నది. "చాలు" దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలో పక్కింటావిడ.

"ఎవలక్కా పాడేది? మా తల్లిగారూర్ల పాట లెక్కనే ఉన్నది."

"మా అమ్మ."

"ఆపిందేంది మరి? ఇగ అన్న ఇంట్లకు రావాలె గదా" అంటూ గడప మీదే కూర్చుని, చేతిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తానే అందుకుంది. ఆవిడ గొంతు కొంచెం బొంగురు. వరస కూడా మా ఊరిది కాదు, చివర్లు వేరేగా లాగుతుంది. అన్నకు మావాళ్లు పప్పన్నం పెడితే వీళ్ల పాటలో గారెలు చేస్తారట. "గారెలు కాదు, పప్పన్నం" అన్నాను. "మీ ఊర్ల పప్పన్నమేమో, మా ఊర్ల మాత్రం గారెలే" అని, ఆపకుండా పాడుతూ పోయింది. మావాడు ఫోను ఎత్తి రికార్డు చేయబోతే, ఆవిడే చెయ్యి అడ్డం పెట్టింది. "అద్దు బిడ్డా, సిగ్గైతది."

ఇంతలో వాళ్లింట్లో కుక్కరు మూడో కూత వేసింది. ఆవిడ చిక్కుడుకాయలు ఒళ్లో వేసుకుని పరుగెత్తింది. అన్న ఇంకా అన్నం తింటూనే ఉన్నాడు.